ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకుని మూడు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లాలో ఒక పల్లె. నా వయసు 43. స్కూలు వ్యాను నడుపుతాను. నెలకు 12 వేలు, ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదు. బీసీలం. ఆదాయ ధ్రువపత్రంలో 1.2 లక్షలు ఉంది. అమ్మాయికి వినికిడి లోపం, సదరం సర్టిఫికెట్‌లో 52 శాతం వేశారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కుతున్నది తనే మొదలు. ఎప్‌సెట్‌లో 41 వేల ర్యాంకు, కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ సీటు వచ్చింది. ఫీజు 95 వేలు, హాస్టల్ 75 వేలు, ల్యాప్‌టాప్ 50 వేలు. చేతిలో 70 వేలున్నాయి. మిగతా లక్షన్నర తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. రీయింబర్స్‌మెంట్ రాగానే తీర్చేద్దామనుకుంటున్నాను. సబబేనా?

జవాబు: కాదు. ఈ లెక్క వేసుకుని మునిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరం తీసుకున్నాం.

లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500, ఏడాదికి 54 వేలు. మీ అమ్మాయి ర్యాంకు పది వేలు దాటింది. బీసీ కోటాలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చేది సాధారణంగా ఏడాదికి 35 వేలకు మించదు. అంటే ఆ డబ్బు ఠంచనుగా వచ్చినా ఏడాది వడ్డీకే చాలదు, అసలు అలాగే ఉంటుంది. పైగా ఆ 35 వేలు మీ చేతికి రావు, కాలేజీ ఖాతాలో పడతాయి. అవి పడేదాకా కాలేజీ మిమ్మల్నే కట్టమంటుంది. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి. వాటికే ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును చూపించి మీరు అప్పు చేస్తానంటున్నారు. ఫోన్‌లో లోన్ యాప్‌లు ఇంతకన్నా ఘోరం, వాటి గురించి చెప్పడం కూడా దండగ.

వడ్డీ కన్నా నన్ను భయపెట్టింది ఆ 70 వేలు మొత్తం ఊడ్చి ఇచ్చేయాలనుకోవడం. మీకు ఏటా రెండు నెలలు జీతం లేదని మీరే రాశారు. ఇల్లు నెలకు 9 వేలతో నడిచినా ఆ రెండు నెలలకే 18 వేలు కావాలి. వ్యాను నడిపే మనిషికి చెయ్యి విరిగితే ఇంకో రెండు నెలలు ఇంట్లోనే. ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా చికిత్స ఉంది నిజమే, పోయిన జీతం మాత్రం అది ఇవ్వదు. అప్పుడు మళ్లీ ఆ వడ్డీ ఆయన గుమ్మమే దిక్కు. కాబట్టి 50 వేలు పక్కన పెట్టండి. మీ ఆవిడ పేరిట పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసి, ఫీజు మాట వచ్చినా దాన్ని తీయొద్దు. చిట్టీలో వేయకండి, అవసరానికి పాడుకుంటే కోత పోగా ఎంత వస్తుందో మీకు తెలుసు.

దాంతోపాటు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమా రెండూ మీ పేరిట తీసుకోండి. ఏడాదికి 436, 20 రూపాయలు. మామూలుగా పోయినా 2 లక్షలు, ప్రమాదంలో పోతే ఇంకో 2 లక్షలు ఇంటికి వస్తాయి. ప్రమాదంలో శాశ్వత పాక్షిక వైకల్యం వస్తే లక్ష. ఈ ప్రీమియం మే నెలాఖరులో ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది, మీకు జీతం లేని నెల అదే. 456 రూపాయలు లేక పాలసీ ఆగిపోయిన ఇళ్లు ఎన్నో. ఏప్రిల్‌లోనే 500 వేసి ఉంచండి.

ఇక మీరు అడగని సంగతి. వికలాంగ విద్యార్థులకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే సక్షమ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు, బీటెక్ నాలుగేళ్లూ వస్తుంది. వైకల్యం 40 శాతం, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. అది జారిపోతే తర్వాత అవకాశం లేదు. దీన్నీ రీయింబర్స్‌మెంట్‌నూ కలిపి తీసుకోవద్దు. తేలితే వెనక్కి కట్టమంటారు. 35 వేలా, 50 వేలా అంటే రెండోదే తీసుకోండి.

ముందు సదరం సర్టిఫికెట్‌తోపాటు యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) చేతిలో ఉండేలా చూడండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబరు తీసుకుని దరఖాస్తు పెట్టాలి. చాలావరకు పోయేది రెండు చోట్ల. మొదటిది, దరఖాస్తును కాలేజీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకుండా వదిలేయడం. గడువుకు రెండు వారాల ముందే స్కాలర్‌షిప్ సెక్షన్‌కు వెళ్లి స్టేటస్ మారిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. రెండోది ఆధార్. డబ్బు పడేది మీరు రాసిన ఖాతాలో కాదు, ఆధార్ చివరగా సీడింగ్ అయిన ఖాతాలో. అమ్మాయికి ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకు లింక్ అయి ఉంటే అక్కడికే పోతుంది. బ్యాంకులో అడిగి సరిచేయించండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

సక్షమ్ డబ్బు కూడా చదువు మొదలైన చాలా నెలలకు గానీ రాదు. అందుకే ఫీజు మటుకు బ్యాంకు విద్యా రుణంతో కట్టండి. ఏడాదికి 95 వేల చొప్పున నాలుగేళ్లకు 3.8 లక్షలు. 4 లక్షల లోపు రుణానికి తాకట్టు అడగరు, మార్జిన్ (మన వాటా సొమ్ము) కట్టమనరు. వడ్డీ 10 శాతం అటూ ఇటూ, మీకు తెలిసినాయన అడిగేది 36 శాతం. కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉంటే, 4.5 లక్షల లోపు ఆదాయం వారికి చదువుకునే కాలానికీ ఆ పైన ఒక ఏడాదికీ కేంద్రం వడ్డీ సబ్సిడీ ఇస్తుంది. స్కాలర్‌షిప్ సంగతి దాచకుండా చెప్పి, అర్హత ఉందో లేదో దరఖాస్తు రోజే అడగండి. సబ్సిడీ వస్తే మంచిదే, లెక్కలో మాత్రం వేసుకోకండి. రుణం మంజూరయ్యే లోపు గడువు ముంచుకొస్తే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి రెండు మూడు నెలలకు సర్దుకోండి.

కాలేజీ 30, 40 కిలోమీటర్ల లోపైతే హాస్టల్ మానేయండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయికి టికెట్ లేదు, ఏడాదికి 75 వేలు మిగులుతాయి. ల్యాప్‌టాప్ ఇప్పుడే వద్దు, మొదటి ఏడాది కాలేజీ ల్యాబ్‌తో నెట్టుకొచ్చి సక్షమ్ సొమ్ము వచ్చాక కొనండి. ఫీజు 'తర్వాత కట్టండి' అంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి, అలా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. సక్షమ్ రెన్యువల్ కావాలంటే పై ఏడాదికి ప్రమోట్ అవ్వాలి. వినికిడి లోపం వల్ల పాఠం అందక సబ్జెక్టులు మిగిలితే ఆ డబ్బుకే ఎసరు. క్లాసులో ముందు వరసలో సీటు, పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం కావాలని మొదటి మిడ్ పరీక్షల కన్నా ముందే ప్రిన్సిపాల్‌కు రాసిచ్చి, సర్టిఫికెట్ జత చేసి, ముట్టినట్టు కాపీ మీద సంతకం తీసుకోండి.