కాన్పు గదిలో మిడ్‌వైఫ్, యంత్రం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు ఇది తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది. పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. నేను పేరు నమోదు చేయించుకున్న చోట కాన్పులు మిడ్‌వైఫ్‌లే (కాన్పు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు) చూస్తారు. నొప్పుల సమయంలో పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీతలుగా ఎడతెగకుండా నమోదు చేసే సీటీజీ యంత్రాన్ని అందరికీ పెట్టరట, మధ్యమధ్య చేతి డాప్లర్‌తో బిడ్డ గుండె చప్పుడు వింటారట. ప్రతి క్షణం కనిపెట్టుకుని ఉండే యంత్రం ఉండగా ఇలా వింటే సరిపోతుందా అని ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. సరిపోతుందంటారా?

జవాబు: మీ ఇంట్లోవాళ్ల సందేహం ఒకప్పుడు వైద్యులకూ ఉండేది. 1960ల చివర ఈ యంత్రాలు అమ్మకానికి వచ్చినప్పుడు, ఎడతెగకుండా నమోదు చేసేదే మెరుగన్న నమ్మకంతో, తగినంత పరిశోధన జరగకముందే ఆస్పత్రులు వాటిని స్వీకరించాయి. తరువాతి కాలంలో రెండు పద్ధతులనూ పోల్చిన అధ్యయనాలను కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి సమీక్షించింది. వాటిలో పాల్గొన్న స్త్రీలు 37 వేలకు పైనే. నిరంతరం సీటీజీ పెట్టినచోట, పుట్టిన శిశువులకు అరుదుగా వచ్చే మూర్ఛలు సుమారు సగానికి తగ్గాయి, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ శిశు మరణాల్లో గానీ సెరెబ్రల్ పాల్సీలో (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి.

దీనికి కారణం యంత్రం తప్పుగా నమోదు చేయడం కాదు. నొప్పి వచ్చినప్పుడు బిడ్డ గుండె వేగం తగ్గి మళ్లీ కోలుకోవడం చాలా కాన్పుల్లో జరిగేదే. కాగితం మీద ఆందోళన కలిగించే గీతల్లో ఎక్కువ భాగం ప్రాణవాయువు కొరతను సూచించేవి కావు, ఒకే గీతను ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదవడమూ కద్దు. అనుమానం వచ్చాక ఆపరేషన్‌కు వెళ్లకుండా ఆగడానికి ఎవరికైనా ధైర్యం చాలదు. పైగా బెల్టులు కట్టాక తల్లి లేచి తిరగడం, భంగిమ మార్చుకోవడం తగ్గిపోతాయి, గదిలో ఉన్నవారి చూపు కూడా తల్లి ముఖం మీద నుంచి తెర మీదికి మళ్లుతుంది (ఈ సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది). ఆరోగ్యంగా ఉండి, నొప్పులు వాటంతటవే మొదలైన తల్లులకు నిరంతర సీటీజీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేయకపోవడానికి ఇటువంటి కారణాలే ఉన్నాయి.

మధ్యమధ్య వినడమంటే ఇష్టం వచ్చినప్పుడు వినడం కాదు. నొప్పులు బలపడిన దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డను బయటికి నెట్టే దశలో 5 నిమిషాలకోసారి, ప్రతిసారీ కనీసం ఒక నిమిషం పాటు, నొప్పి ఉండగా మొదలుపెట్టి అది తగ్గాక అర నిమిషమైనా వినాలి. అదే సమయంలో మిడ్‌వైఫ్ తల్లి నాడి కూడా పట్టి చూస్తారు, ఎందుకంటే డాప్లర్‌లో వినబడుతున్నది తల్లి గుండె చప్పుడే అయ్యే ప్రమాదం ఉంటుంది. ఇదంతా సక్రమంగా సాగాలంటే చాలినంత మంది మిడ్‌వైఫ్‌లు ఉండాలి. ఒక్కరే నలుగురు తల్లుల మధ్య పరుగులు తీస్తుంటే 5 నిమిషాల నియమం కాగితానికే పరిమితమవుతుంది. కాబట్టి యంత్రం ఉందా అని అడిగేకన్నా, నొప్పులు పడుతున్న తల్లి దగ్గర మిడ్‌వైఫ్ విడవకుండా ఉంటారా అని అడగండి.

రక్తపోటు పెరిగినా, ఉమ్మనీరు చిక్కటి పచ్చరంగులోకి మారినా, జ్వరం గానీ రక్తస్రావం గానీ కనిపించినా, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టాల్సి వచ్చినా, వింటున్నప్పుడు గుండె వేగం నిమిషానికి 110 నుంచి 160 మధ్య నిలవకపోయినా సీటీజీ అవసరమవుతుంది. అప్పుడు మిమ్మల్ని ఎక్కడికి, ఎంతసేపట్లో తరలిస్తారో ఇప్పుడే తెలుసుకోండి.

ప్రశ్న: నేను మిడ్‌వైఫరీ విద్యార్థినిని. సీటీజీ గీతలను ఇకపై కంప్యూటరే చదువుతుందని, మా నైపుణ్యానికి విలువ ఉండదని స్నేహితురాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ ప్రయత్నం పెద్ద ఎత్తునే జరిగింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 46 వేల మందికి పైగా స్త్రీలతో జరిగి 2017లో వెలువడిన ఇన్ఫాంట్ అధ్యయనంలో, గీతలను విశ్లేషించి హెచ్చరించే కంప్యూటర్ వ్యవస్థ తోడైనా శిశువుల పరిస్థితి మెరుగుపడలేదు. గీతను గుర్తించడం కన్నా, గుర్తించాక ఏం చేయాలో తేల్చుకోవడమే కష్టమని నా అభిప్రాయం.

కాన్పు గదిలో ఉపయోగపడే సాంకేతికత అంతా తెరలతోనే వస్తుందనీ అనుకోకండి. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిగి 2023లో ప్రచురితమైన ఈ-మోటివ్ అధ్యయనంలో, ప్రసవం కాగానే తల్లి కిందికి చేరిన రక్తాన్ని కొలవడానికి గీతలు గీసిన ప్లాస్టిక్ సంచి వాడారు. కంటి అంచనాతో సగం వరకు తప్పిపోయిన అధిక రక్తస్రావాలను ఆ సంచితో పదింట తొమ్మిదికి పైగా గుర్తించగలిగారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల శస్త్రచికిత్స లేదా మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. అయితే ఆ ఫలితం సంచి ఒక్కదానిదే కాదు. రక్తం గీతను తాకగానే మిడ్‌వైఫ్ గర్భసంచిని మర్దన చేసి, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం, సెలైన్ ఇస్తూ, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్షించడాన్ని ఒకదాని తరువాత ఒకటిగా కాక, ఒక్కసారే మొదలుపెట్టారు.