కబేళా పనిలోకి వెళ్లే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. వచ్చే నెల నుంచి కబేళాలో పనికి వెళ్తున్నావని తెలిసింది. కత్తి పట్టడం, తోలు ఒలవడం అక్కడివాళ్లు నేర్పుతారు. పశువుల నుంచి మనుషులకు అంటుకునే వైరస్‌ల సంగతి మాత్రం ముందే తెలుసుకుని వెళ్లు నాయనా.

జబ్బు పశువుతోనే ప్రమాదం, చలాకీగా ఉన్నదానితో భయం లేదు అనే మాట నమ్మకు. క్రిమియన్-కాంగో జ్వరం వైరస్ పశువు ఒంట్లో చేరాక వారం రోజుల దాకా నెత్తుటిలో తిరుగుతుంది. అన్ని రోజులూ ఆ పశువు మేత మేస్తూ, నెమరేస్తూ మామూలుగానే ఉంటుంది. ఆ వారంలో కోస్తే, దాని వేడి నెత్తురు తగిలినవాళ్లకు ముప్పు. కోసిన కొన్ని గంటలకు కండలో సహజంగా ఆమ్లం పెరిగి ఈ వైరస్ చచ్చిపోతుంది కాబట్టి, మాంసం అమ్మేవాళ్లకన్నా కోసేవాళ్లకే భయం ఎక్కువ. పశువును చూసి కాదు, చేసే పనిని చూసి జాగ్రత్త పడాలి.

ఈ వైరస్‌ను మోసేవి పిడుదులు. చెవుల్లో, పొదుగు దగ్గర, తోక కింద అంటుకుని ఉంటాయి. వాటిని వేళ్లతో నలపడం చాలామందికి అలవాటు. నలిపితే లోపలి ద్రవం గోటి పక్క చీలికలోంచి నీ ఒంట్లోకి పోతుంది. నీ ఒంటికి పట్టిందనుకో, సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగు. పని అయ్యాక చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక రోజూ వెతుక్కో.

ఉక్కు జాలీ గ్లౌజు కత్తిని ఆపుతుంది, నెత్తుటిని ఆపదు. దాని లోపల నైట్రైల్ (సన్నని రబ్బరు లాంటి) గ్లౌజు తప్పనిసరి. చిరిగిన క్షణమే మార్చు. చేతి మీద గీత పడి ఉంటే, నీళ్లు చొరని పట్టీ వేశాకే గ్లౌజు తొడుగు. తీసేటప్పుడు మొదటిదాన్ని మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని తిరగేసి లాగు. రెండోదాని లోపలికి ఉత్త వేలు దూర్చి తిరగేయి. ఆ వెంటనే సబ్బుతో 20 సెకన్లకు తగ్గకుండా చేతులు కడుక్కో. పని మధ్యలో కత్తి తగిలి తెగితే గాయాన్ని నోట్లో పెట్టుకోకు, నలపకు. పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడుగు.

అందరూ వదిలేసేది కళ్లు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినప్పుడు, వాటి నుంచి అంటుకున్న పనివాళ్లలో ఎక్కువమందికి కనిపించిన లక్షణం ఎర్రబడ్డ కళ్లే. మామూలు కళ్లద్దాలు పక్కల నుంచి పడే చుక్కల్ని ఆపవు, చుట్టూ మూసుకుపోయే గాగుల్స్ కావాలి. కంట్లో ఏదైనా పడితే మంచినీటితో 15 నిమిషాలు కడుగు.

కోళ్ల దగ్గర వేస్తే ఈకలు పీకే చోట, పేగులు తీసే చోట మరింత జాగ్రత్త. హాంకాంగ్‌లో 1997లో హెచ్5ఎన్1 సోకిన 18 మందిలో ఆరుగురు చనిపోయారు. ఆ వైరస్ బతికున్న కోళ్ల బజార్ల నుంచే వచ్చింది. పొడిగా పీకితే దుమ్ము లేస్తుంది, కాబట్టి వేడి నీళ్లలో ముంచాకే పీకు. ఎన్95 మాస్కు పెట్టుకో. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు, పనిదినాల్లో గీసుకోవడమే మేలు. రెట్టలున్న నేల మీద పైపుతో జోరుగా నీళ్లు కొట్టకు, సన్నని తుంపర గాల్లోకి లేస్తుంది.

పందుల దొడ్లో ఊపిరి, చొంగ నుంచి కూడా అంటుకోవచ్చు. 1999లో సింగపూర్‌లో పందుల నుంచి నిపా అనే వైరస్ సోకినవాళ్లు 11 మంది, కబేళా పనివాళ్లే. ఈసుకుపోయిన పశువు మాయను, పిండాన్ని ఉత్త చేతులతో ముట్టుకోకు. రిఫ్ట్ వ్యాలీ జ్వరం అనే వైరస్ జబ్బు అలా కూడా వస్తుంది.

గొర్రెల, మేకల మూతి మీద పొక్కులు కనిపిస్తే అది ఆర్ఫ్ అనే వైరస్ జబ్బు కావచ్చు. తాకిన వారంలోపు నీ వేలి మీద ఎర్రని బొడిపె లేస్తుంది. చీము గడ్డనుకుని కోయించుకోకు. యాంటీబయోటిక్స్ వైరస్ మీద పనిచేయవు. కప్పి ఉంచితే కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది.

బల్లల్ని, కత్తుల్ని ముందు సబ్బు నీళ్లతో తోము. నెత్తురు, కొవ్వు ఉండగా బ్లీచ్ పోస్తే దాని బలమంతా వాటి మీదే ఖర్చవుతుంది. 5 శాతం ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి కడిగేయి. ఏ రోజుది ఆ రోజే కలుపు. మూత్రం నిలిచిన చోట పోయకు, అందులోని అమ్మోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది. ఆమ్లంతోనూ కలపకు.

బూట్లు, ఏప్రాన్ అక్కడే వదిలి ఇంటికి రా.

ఏడాదికోసారి ఫ్లూ టీకా వేయించుకో. అది బర్డ్ ఫ్లూని ఆపదు కానీ, మనుషుల ఫ్లూ, పక్షుల ఫ్లూ ఒకే ఒంట్లో కలిసి కొత్త రకం పుట్టే అవకాశాన్ని తగ్గిస్తుంది. నెత్తురు చిమ్మి పడిన రోజును కాగితం మీద రాసుకో. తర్వాత రెండు వారాల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లెర్ర ఏది వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మొదటి మాటగా చెప్పు: "నేను పశువుల్ని కోసే పని చేస్తాను, ఫలానా రోజున నెత్తురు తగిలింది."

ఆశీస్సులతో,
మీ పెదనాన్న