దివ్యాంగుడైన బాబు పేరున స్థలం కొనవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. సెరెబ్రల్ పాల్సీతో పాటు మేధోపరమైన వైకల్యం కూడా ఉంది. సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రంలో 80 శాతం అని ఉంది. నడవలేడు, చక్రాల కుర్చీ తప్పనిసరి. అమ్మాయికి పదమూడేళ్లు. మావారి వయసు 41, ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.1,15,000 చేతికి వస్తుంది. బాబును చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేశాను. అద్దె రూ.22,000, బాబు థెరపీలు, మందులు, ఆయమ్మ జీతం కలిపి రూ.28,000, ఇంటి ఖర్చులు, పాప ఫీజులు రూ.42,000 అవుతున్నాయి. బ్యాంకులో రూ.19 లక్షల డిపాజిట్లు, పీఎఫ్‌లో రూ.11 లక్షలు ఉన్నాయి. ఊరి శివారులో 200 గజాల స్థలం రూ.46 లక్షలకు వస్తోంది. రూ.16 లక్షలు మేము పెట్టుకుంటే మిగిలిన రూ.30 లక్షలు 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు అప్పు ఇస్తామని బ్యాంకు వారు చెప్పారు. మా తర్వాత ఆధారంగా ఉంటుందని స్థలాన్ని బాబు పేరున రాయించాలనుకుంటున్నాం. కొన్నాళ్లు థెరపీలు తగ్గిస్తే నెలకు పది వేలు మిగులుతాయి. ఈ నెలలోనే రూ.2 లక్షలు బయానా ఇమ్మంటున్నారు. సరైన నిర్ణయమేనా?

జవాబు: సొంత ఇల్లు కావాలన్న మీ కోరిక పూర్తిగా న్యాయమైనది. అద్దె ఇంట్లో స్నానాలగది తలుపు వెడల్పు చేయించలేరు, మెట్ల పక్కన ర్యాంపు కట్టించలేరు, ఇల్లు ఖాళీ చేయమన్న ప్రతిసారీ బాబుకు కొత్త పరిసరాలను మళ్లీ మొదటి నుంచి అలవాటు చేయాలి. అయినా ఉన్న డిపాజిట్లన్నీ తీసేసి, థెరపీలు తగ్గించి, బాబు పేరున ఖాళీ స్థలం కొనే పద్ధతిని మాత్రం నేను సమర్థించలేను. ఈ స్థలం ఇప్పుడే వద్దు, బాబు పేరున అసలే వద్దు అన్నది నా అభిప్రాయం. కారణాలు వివరంగా చెబుతాను.

ముందు నెల లెక్క చూద్దాం. మీ ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది రూ.23,000. రూ.30 లక్షల అప్పుపై 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు వాయిదా సుమారు రూ.30,400 అవుతుంది, అంటే ప్రతి నెలా రూ.7,400 లోటు. ఖాళీ స్థలం కొన్నంత మాత్రాన అద్దె ఆగదు కాబట్టి, ఇల్లు కట్టుకునే వరకు వాయిదా, అద్దె రెండూ కడుతూనే ఉండాలి. ఇల్లు కట్టడానికి మరో అప్పు కావాలి, దానికి మీ జీతంలో చోటు లేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి మరో మూడు లక్షలకు పైగా అవుతాయి కనుక, మీ 19 లక్షల డిపాజిట్లు రిజిస్ట్రేషను రోజునే పూర్తిగా ఖర్చయిపోతాయి. ఒక్క జీతం మీద, తరచూ ఆసుపత్రి అవసరం పడే బిడ్డతో నడిచే సంసారానికి చేతిలో నగదు లేకపోవడం స్థలం లేకపోవడం కన్నా చాలా ప్రమాదకరం. అవసరం వచ్చిన రోజున స్థలంలో పది గజాలు అమ్మి ఆసుపత్రి బిల్లు కట్టలేరు. పైగా ఇల్లు కట్టనంత వరకు స్థలం అప్పుపై కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో ఏ మినహాయింపూ ఉండదు.

థెరపీలు తగ్గించి ఈ లోటు పూడ్చుకోవాలన్న ఆలోచనను దయచేసి పూర్తిగా విరమించుకోండి. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఎదిగే వయసులో కండరాలు బిగుసుకుపోయి కీళ్లు వంగిపోయే అవకాశం ఉంటుందని, క్రమం తప్పని ఫిజియోథెరపీ అందుకే అవసరమని బాబును చూసే వైద్యులు మీకు చెప్పే ఉంటారు. ఎంత థెరపీ కావాలో నిర్ణయించాల్సింది వారే, బ్యాంకు వాయిదా కాదు. మీ బడ్జెట్‌లో అన్నిటికన్నా చివర ముట్టుకోవలసిన పద్దు ఆ రూ.28,000.

ఇక బాబు పేరున రాయించే విషయం. తల్లిదండ్రులు చాలామంది ప్రేమతో చేసే ఈ పనే తర్వాత ఆ బిడ్డకు అడ్డంకి అవుతోంది. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) 8వ సెక్షను ప్రకారం మైనరు పేరున ఉన్న స్థిరాస్తిని కోర్టు ముందస్తు అనుమతి లేకుండా తల్లిదండ్రులు సైతం అమ్మకూడదు, తాకట్టు కూడా పెట్టకూడదు. అంటే స్థలం బాబు పేరున ఉంటే, దాన్ని తనఖా పెట్టుకుని అప్పు ఇవ్వాల్సిన బ్యాంకే వెనుకాడుతుంది. రేపు ఇంటి నిర్మాణానికి అప్పు కావాలన్నా, బాబు శస్త్రచికిత్సకు స్థలం అమ్మాలన్నా కోర్టుకు వెళ్లి, అది బాబు మేలు కోసమేనని నిరూపించాలి. పద్దెనిమిదేళ్లు నిండితే ఈ చిక్కు తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రోజుతో మీరు సహజ సంరక్షకులుగా ఉండే హక్కు ముగుస్తుంది. మేధోపరమైన వైకల్యం వల్ల ఒప్పందాన్ని అర్థం చేసుకోలేని వ్యక్తి చేసే సంతకం చట్టం ముందు చెల్లదు. అప్పుడు ఇలాంటి వైకల్యాలున్న వారి కోసం కేంద్రం తెచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం (1999) కింద కలెక్టరు అధ్యక్షతన పనిచేసే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి, మీలో ఒకరు చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందాలి. అలా నియమితులైన వారు ఆరు నెలల్లో బాబు ఆస్తుల జాబితా ఇవ్వాలి, తర్వాత ఏటా జమాఖర్చులు సమర్పించాలి. బాబు బాగోగుల కోసం ఈ నియామకం ఎలాగూ అవసరమే, కానీ ఆ బాధ్యతకు ఒక స్థిరాస్తి భారాన్ని కూడా ఇప్పటి నుంచే తగిలించడం అనవసరం.

అలాగని ఏమీ రాయకుండా వదిలేయకూడదు. వీలునామా లేకుండా మీవారికి ఏమైనా జరిగితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో మీకు, పాపకు, బాబుకు, మీ అత్తగారు ఉంటే ఆవిడకు సమాన వాటాలు వస్తాయి. వైకల్యం కారణంగా బాబు వాటా పోదు, 28వ సెక్షను ఆ హక్కును కాపాడుతుంది. అయితే ఆ వాటా బాబు పేరున రావడంతోనే పైన చెప్పిన చిక్కులన్నీ మొదలవుతాయి. అందువల్ల ఏ ఆస్తి కొన్నా మీ ఇద్దరి పేర్లతో కొనండి. ఇద్దరూ విడివిడిగా వీలునామాలు రాసి, ఒకరి తర్వాత ఒకరికి, ఇద్దరి తర్వాత బాబు కోసం ఏర్పాటైన ప్రైవేటు ట్రస్టుకు (అంటే మీరు నమ్మిన ట్రస్టీలు బాబు మేలు కోసమే ఆస్తిని చూసుకునే ఏర్పాటుకు) అతని వాటా చేరేలా చూడండి. భారత ట్రస్టుల చట్టం (1882) కింద ఈ ట్రస్టును ఇప్పుడే కొద్దిపాటి మొత్తంతో ఏర్పాటు చేయవచ్చు, లేదా వీలునామా ద్వారానే ఏర్పడేలా రాయవచ్చు. బతికుండగా స్థిరాస్తిని ట్రస్టుకు ఇస్తే ఆ పత్రాన్ని తప్పక రిజిస్టరు చేయించాలి. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించమనే నా సలహా.

ట్రస్టీలుగా ఎవరిని పెట్టాలన్నది న్యాయవాది కన్నా మీరే బాగా ఆలోచించాల్సిన విషయం. ఒక్కరిని కాకుండా కనీసం ఇద్దరిని, మీకన్నా వయసులో చిన్నవారిని ఎంచుకోండి. వారిలో ఒకరు తప్పుకుంటే ఎవరు రావాలో కూడా రాయండి. తమ్ముడి బాధ్యతంతా అక్కదేనని పదమూడేళ్ల పాప తరఫున మీరు ఇప్పుడే తీర్మానించడం న్యాయం కాదు. పెద్దయ్యాక ఆ అమ్మాయి ఇష్టపడితే ట్రస్టీలలో ఒకరిగా చేరే వీలు ఉంచండి, ఆమెకు విడిగా చెందాల్సిన వాటాను వీలునామాలో స్పష్టంగా పేర్కొనండి. తన చదువు డబ్బు తమ్ముడి కోసం ఖర్చయిపోయిందన్న బాధ ఆమెకు మిగలకుండా చూసుకోవడం బాబు భవిష్యత్తుకు కూడా మంచిది.

మీ ఉత్తరంలో బీమా మాటే లేదు. కుటుంబమంతా ఆయన జీతం మీదే ఆధారపడి ఉన్నందున, మీవారి పేరున కనీసం రూ.1.5 కోట్ల టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే సొమ్ము వచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. అందులో బాబుకు ఉద్దేశించిన భాగాన్ని విడి పాలసీగా, వివాహిత మహిళల ఆస్తి చట్టం (1874) కింద, ట్రస్టీ పేరుతో సహా తీసుకుంటే ఆ సొమ్మును అప్పులవారు తాకలేరు. ఆ తర్వాత లబ్ధిదారులను మార్చడం కుదరదు కనుక ఫారం నింపే ముందే నిర్ణయించుకోవాలి. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్–95)లో, ఉద్యోగి మరణిస్తే వచ్చే సాధారణంగా పిల్లల పింఛను 25 ఏళ్లకు ఆగిపోతుంది. శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న సంతానానికి మాత్రం వయసుతో నిమిత్తం లేకుండా అందుతుంది. ఈ విషయం ఎంతోమంది ఉద్యోగులకు తెలియదు. మీవారి ఈపీఎఫ్ రికార్డుల్లో కుటుంబ సభ్యుల వివరాలు, బాబు వైకల్యం నమోదయ్యాయో లేదో వెంటనే చూడమనండి.

నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి రూ.లక్ష వరకు వర్తిస్తుంది, ముందస్తు వైద్యపరీక్ష అడగరు, థెరపీలకు కూడా కొంత పరిమితి ఉంటుంది. తీసుకోకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. పాత పన్ను విధానంలో ఉంటే, 80 శాతం వైకల్యం ఉన్న బిడ్డ కోసం ఆదాయపు పన్నులో (1961 చట్టంలో 80డీడీ సెక్షను) వాస్తవ ఖర్చుతో సంబంధం లేకుండా రూ.1,25,000 మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అది లేదు, రెండూ లెక్కవేసి తక్కువ పన్ను పడేదాన్ని ఎంచుకోండి.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. ఏడాది ఖర్చుకు సమానమైన రూ.11 లక్షలను అత్యవసర నిధిగా డిపాజిట్లలోనే ఉంచండి. మిగిలిన 8 లక్షలు ఇంటి కోసం కేటాయించి, బీమా ప్రీమియాలకు నెలకు ఐదు వేలు పోగా మిగిలే రూ.18,000ను రెండేళ్ల పాటు రికరింగ్ డిపాజిట్‌లో జమ చేస్తే, వడ్డీతో కలిపి దాదాపు 13 లక్షలు చేతిలో ఉంటాయి. అప్పుడు ఖాళీ స్థలానికి బదులు, థెరపీ కేంద్రానికి దగ్గరలో నేల అంతస్తులో ఉన్న పాత ఇల్లో, ఫ్లాటో రూ.45 లక్షల లోపు వెతకండి. రూ.30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణంలో ఇంటి విలువకు 80 శాతం వరకే ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన, రిజిస్ట్రేషను ఖర్చు ఆ విలువలోకి రాదు. కనుక 9 లక్షలు మీ వాటా, మూడున్నర లక్షల లోపు రిజిస్ట్రేషను, మిగిలింది స్నానాలగది మార్పులకు సరిపోతుంది. రూ.36 లక్షల అప్పు, మీవారికి 60 ఏళ్లు వచ్చేలోగా తీరేలా 17 ఏళ్లకు, 9 శాతం వడ్డీతో తీసుకుంటే వాయిదా రూ.34,500 చుట్టూ ఉంటుంది. అద్దె రూ.22,000 ఆగిపోతుంది కాబట్టి మీ మీద పడే అదనపు భారం నెలకు రూ.12,500 మాత్రమే, థెరపీ పద్దును ముట్టుకోనవసరం లేదు. ఆ తర్వాత కూడా మిగిలే ఐదు వేల చిల్లరతో, జీతం పెరిగే కొద్దీ పెంచుకుంటూ, బాబు కోసం దీర్ఘకాలిక నిధి మొదలుపెట్టవచ్చు. ఈ లెక్కలో జీతాన్నీ ఖర్చులనూ నేటి స్థాయిలోనే ఉంచాను.

అంతా విన్నాక కూడా స్థలమే కొని కట్టుకోవాలని ఉంటే, స్థలానికీ నిర్మాణానికీ కలిపి ఒకే రుణం ఇచ్చే బ్యాంకును అడిగి, కొన్న వెంటనే ఇల్లు కట్టగలిగిన రోజున మాత్రమే కొనండి. శివారు స్థలం చవకగా కనిపిస్తుంది గానీ, వారానికి నాలుగైదు సార్లు బాబును థెరపీకి తీసుకెళ్లే ఆటో ఖర్చు, మీ సమయం, బాబు అలసట కలిపితే ఆ తేడా కొన్నేళ్లలోనే కరిగిపోతుంది. స్థలం ఎత్తుపల్లాలు కూడా ముఖ్యం. చక్రాల కుర్చీ ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. రోడ్డు కన్నా రెండున్నర అడుగుల ఎత్తులో పునాది వేస్తే ముప్పై అడుగుల ర్యాంపు, మధ్యలో తిరగడానికి చదునైన చోటు అవసరమవుతాయి. ముందు వైపు ఇరుకుగా ఉన్న స్థలంలో దీనికి వీలుండదు, అందుకే బేరం కుదరక ముందే ఇంజనీరుతో కొలిపించండి. ఈసీ (స్థలంపై తాకట్టులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), లేఅవుట్ అనుమతి, 500 చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది ప్లాట్లకు మించిన వెంచరైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు, 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితా), ఇవన్నీ స్వతంత్ర న్యాయవాదికి చూపించాలి, అమ్మేవారు సూచించిన న్యాయవాదికి కాదు. పట్టణాభివృద్ధి సంస్థలు ప్లాట్లు, ఇళ్లు కేటాయించే పథకాలపైనా ఒక కన్నేసి ఉంచండి, దివ్యాంగుల హక్కుల చట్టం (2016) సంబంధిత పథకాల్లో 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి 5 శాతం రిజర్వేషను నిర్దేశించింది.

బయానా రూ.2 లక్షలు ఈ నెలలో ఇవ్వకండి. స్థలం చేజారిపోతుందని ఒత్తిడి చేస్తే చేజారనివ్వండి. ఆ సొమ్ములోంచే టర్మ్ పాలసీ మొదటి ప్రీమియం కట్టి, వీలునామాల కోసం న్యాయవాదిని కలవండి. బాబు ధ్రువపత్రానికి కాలపరిమితి ఉందేమో చూసుకుని, నిరామయ దరఖాస్తుతో పాటు దాని ప్రతిని జతచేయండి.