జొన్న, కొర్రలా? ఆవులా? నా పుస్తకంలో లెక్క ఇదీ

బెంగళూరు ఉద్యోగం వదిలి వస్తున్నాను, అనంతపురం జిల్లా గుత్తి వైపు ఐదెకరాలుంది, జొన్న, కొర్ర వేసుకోవాలా, నాలుగు ఆవులు కొనాలా, ఏది లాభం అని అడిగారు. మాదీ గుత్తి పక్కనే. రెండెకరాల నల్లరేగడి, మూడెకరాల ఎర్రనేల. 2021లో రెండు హెచ్‌ఎఫ్ ఆవులు (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) కొన్నాను. అప్పటి నుంచి రెండూ చేస్తున్నాను కాబట్టి, రాసిపెట్టుకున్నదే చెబుతాను.

కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది, పెట్టుబడి తక్కువ, వాన పడితే ఎకరాకు నాలుగైదు క్వింటాళ్లు. నల్లరేగట్లో ఉత్తర కార్తెలో జొన్న వేస్తే సంక్రాంతి దాటాక కోత. మంచి ఏడు ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లయ్యాయి. క్వింటా 2,800 చొప్పున 22,400 వచ్చింది. దున్నకం, విత్తనం, ఎరువు, కూలీలు, మిషన్ కలిపి 13,000 పోయింది. 2024-25లో హైబ్రిడ్ జొన్న మద్దతు ధర 3,371 అన్నారు. మా కళ్లం దాకా వచ్చి ఆ ధర ఇచ్చినవాళ్లు మాత్రం లేరు.

ఇక ఆవులు. ఒక్కోటి 75,000. పూటకు ఎనిమిది లీటర్లు గ్యారంటీ అన్నాడు అమ్మినాయన. ఈనిన కొత్తలో నిజంగానే ఇచ్చింది. తర్వాత తగ్గుతూ వచ్చి, పది నెలల సగటు చూస్తే రోజుకే ఎనిమిది తేలింది. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. నా ఆవులకు మూడున్నర దాటడమే గగనం, లీటరుకు 33 పడింది. అంటే రోజుకు 264. దాణా ఐదు కిలోలకు 135 తీసేస్తే 129 మిగిలింది. ఒక్క ఆవు మీద నెలకు దాదాపు నాలుగు వేలని మొదట్లో తెగ మురిసిపోయాను.

అందులో మేత ఖర్చు కలపలేదు. వట్టిపోయిన రోజులూ కలపలేదు. ఏడాదికో ఈత అని చెబుతారు కానీ, మా ఆవుకు మూడుసార్లు సూది వేయిస్తేగానీ చూడి కట్టలేదు. ఈతకూ ఈతకూ మధ్య పదహారు నెలలు పట్టింది. పాలు పది నెలలు, తిండి పదహారు నెలలు! తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పాలు పిండేది నా భార్య. ఆమెకు కూలి కట్టిస్తే ఆ మిగిలిందీ ఉండదు. ఇద్దరం కలిసి ఒక పెళ్లికి వెళ్లి నాలుగేళ్లయింది.

2023 ఆగస్టులో వాన మొహం చాటేసింది. కొర్ర ఎండిపోయింది, తర్వాత వేసిన జొన్న మోకాలెత్తు దాటలేదు. చొప్ప వామి ఖాళీ. ఆలూరు వైపు నుంచి ట్రాక్టరు చొప్ప 12,000 పెట్టి తెచ్చాను, అదీ బతిమాలితే. ఆ ఏడు పాల డబ్బంతా మేతకే సరిపోయింది. మా పక్కచేను పెద్దాయనకు ఆవుల్లేవు, అంతకుముందు ఏటి చొప్ప రెండు వాములుంది. జొన్నల మీద వచ్చినదానికంటే ఆ వాముల మీద ఎక్కువ సంపాదించాడు. జొన్నంటే గింజలే అనుకుని లెక్క వేసినందుకు నా మీద నాకే నవ్వొచ్చింది. ఇప్పుడు రకం ఎంచుకునేటప్పుడు చొప్ప ఎత్తు కూడా చూస్తున్నాను. పేడ తోలిన చోట ఎకరాకు ఒక డీఏపీ ఎరువు సంచి తగ్గింది, అదీ జమలో రాసుకుంటున్నాను.

ఒక జాగ్రత్త. వానలేక వాడిన లేత జొన్నను, కోసిన మోళ్లకు వచ్చిన పిలకలను పశువు మేయకూడదు. వాటిలో విషం ఉంటుంది, నాము అంటారే, అదే. ఒకసారి తలుగు తెంపుకుని మోళ్లలో పడ్డ ఆవు కాసేపటికే వణుకుతూ కూలబడింది. డాక్టరు పక్క ఊళ్లోనే ఉండి వెంటనే వచ్చి సూది వేయబట్టి బతికింది.

మీకైతే నా సలహా, మొదటి ఏడు ఆవులు కొనొద్దు. జొన్న వేసి, ఒక వామి వేసుకుని, పదిహేను సెంట్లలో సూపర్ నేపియర్ పచ్చిగడ్డి నాటండి. రెండో ఏడు ఒక్క ఆవుతో మొదలుపెట్టండి, అదీ జెర్సీ క్రాస్. మా ఎండలకు హెచ్‌ఎఫ్ రొప్పుతుంది, ఏప్రిల్, మేలలో పాలు సగానికి పడిపోతాయి. లోను తీసుకుని ఒకేసారి నాలుగు కొంటే, ఈఎంఐ టెన్షన్‌తో వట్టిపోయిన ఆవును సగం ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. మా ఊళ్లోనే ముగ్గురు అలా అమ్ముకున్నారు.

ఇంతకీ మీ చేలో బోరు ఉందా? వేసవిలో ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తోంది? ఇంచు కూడా లేకపోతే ఆ నేపియర్ మాట కూడా మర్చిపోండి.