ఫార్మాట్ మాత్రం చేయించకండి

గడువు తీరిన యాంటీవైరస్‌ను తీసేసినా మళ్లీ ప్రత్యక్షమవుతోందని, దుకాణంవాళ్లు ఫార్మాట్ (డిస్కులో ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించడం) చేయించమన్నారని, ఏం చేయాలని అడిగారు. ఫార్మాట్ చేయించకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

మా నాన్నగారికి చిక్కడపల్లిలో చిన్న డీటీపీ దుకాణం ఉంది, కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసేది. శుభలేఖలు, కరపత్రాలు, సంవత్సరీకాల కార్డులు, అన్నీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే. రెండేళ్ల కిందటి శ్రావణంలో, ముహూర్తాలు ఊపిరాడనివ్వని రోజుల్లో, కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ గడువు ముగిసింది. ఇక పది నిమిషాలకోసారి తెర మధ్యలో ఎర్రటి పెట్టె, డబ్బు కట్టమని. పెళ్లికొడుకు తండ్రి పక్కన కూర్చుని ఇంటిపేరులో ఒత్తులు సరిచూస్తుంటే, ఆ పెట్టె వచ్చి సరిగ్గా వధువు పేరును కప్పేసేది. కంట్రోల్ ప్యానెల్‌లో తీసేయబోతే గీత సగం దాకా పాకి ఆగిపోయేది. ఒకసారి పూర్తయిందని కూడా చెప్పింది. మర్నాడు ఆన్ చేయగానే మళ్లీ అదే పెట్టె.

సీపీయూను ఆటోలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడ ఒక దుకాణంలో కుర్రవాడు రెండు నిమిషాలు చూసి, "ఫార్మాట్ చేసేద్దాం సార్, డేటాకు మాత్రం గ్యారంటీ ఉండదు" అన్నాడు. నాన్నగారు సీపీయూ మీద చెయ్యి వేసి, "ఇందులో పన్నెండేళ్ల పెళ్లిళ్లున్నాయి బాబూ" అన్నారు. అదే ఆటోలో వెనక్కి వచ్చాం.

ఫైళ్లు దాచుకుని ఫార్మాట్ చేస్తే పోదా అంటారు. అలా అనేవాళ్లకు తెలుగు డీటీపీ కష్టం తెలియదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండే పద్ధతి) కావు. తెర మీద మనకు తెలుగు అక్షరంగా కనిపించేది కంప్యూటర్ లెక్కలో ఏదో ఇంగ్లిషు అక్షరమో గుర్తో. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే శుభలేఖంతా పిచ్చిగీతలే. ఫాంట్లు, తెలుగు కీబోర్డు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. ఆ పాత సీడీలు ఎవరి దగ్గరున్నాయి?

ఆ రాత్రి నేనే కూర్చున్నాను. యాంటీవైరస్ మొండితనానికి అర్థం ఉంది: వైరస్ వచ్చి ముందు తననే చంపకుండా తన ఫైళ్లకు తానే కాపలా కాస్తుంది. ఆ కాపలా యజమానికీ అడ్డే. అందుకే చాలా కంపెనీలు తమ సరుకును తొలగించడానికి విడిగా ఒక పనిముట్టు ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సైటు నుంచే దించుకోండి. వేరే సైట్లలో కనిపించే పెద్ద పచ్చ బటన్లు నొక్కితే ఒకటి పోయి మూడు వస్తాయి. తర్వాత షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇచ్చి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి, మళ్లీ రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్. నేను అక్కడ కూడా మొదట కంట్రోల్ ప్యానెల్‌తోనే ప్రయత్నించి గంట పోగొట్టుకున్నాను. సేఫ్ మోడ్‌లో ప్రోగ్రాములను ఎక్కించి, తీసేసే విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు మామూలుగా నడవదు. కంపెనీ పనిముట్టు నడిపితే పది నిమిషాల్లో పోయింది.

అయినా మర్నాడు ఎర్ర పెట్టె వచ్చింది! పనులను వేళకు వాటంతటవే నడిపించే విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిచి చూస్తే అదే కంపెనీ పేరుతో ఒక పని మిగిలి ఉంది, రోజూ పొద్దున లేచి ఆ పెట్టెను తెచ్చిపెడుతూ. దాన్ని తొలగించాక మళ్లీ రాలేదు. మీదీ ఇదే రోగమని నా నమ్మకం. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీ జోలికి మాత్రం ఊహ మీద వెళ్లకండి.

నా కోపమంతా కొన్న యంత్రంలో అడగని సరుకు ఎక్కించి ఇచ్చేవాళ్ల మీద. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంది. బయటిది ఉన్నంతకాలం పక్కకు తప్పుకుంటుంది, అది పోగానే తానే పనిలోకి దిగుతుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు అది చాలు. ఇక ఫార్మాట్ సలహా అంటారా, అది దుకాణానికి సులువు, మనకు కాదు.

మీ దగ్గర పాత తెలుగు ఫైళ్లుంటే, ఏ పని మొదలుపెట్టే ముందైనా వాటితో పాటు ఫాంట్లను కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. నాన్నగారు ఇప్పుడు పూర్తయిన ప్రతి శుభలేఖనూ పీడీఎఫ్‌గా కూడా దాస్తున్నారు. అందులో ఫాంటును కూడా ఇమిడ్చి దాస్తారు కాబట్టి ఏ యంత్రంలో తెరిచినా వధువు పేరు తెలుగులోనే కనిపిస్తుంది.