టీవీ పనైపోయిందని అబ్బాయి ఇష్టాన్ని ఆపేయకండి

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ చివరి సంవత్సరం. ఎంటెక్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చేసి, డిజిటల్ టీవీ ప్రసారాలకు సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే పనిలోకి వెళ్తానంటున్నాడు. అందరూ ఫోన్లోనే చూస్తున్నారు, టీవీకి భవిష్యత్తు ఉందా? మా తోడల్లుడి కొడుకు ఏఐలో బాగా సంపాదిస్తున్నాడు. రెండూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: మీ భయం టీవీ గురించి కాదండీ, నలుగురూ వెళ్లే దారిలో మీవాడు వెళ్లట్లేదని. టీవీ చూసేవాళ్లు తగ్గినా అతను నేర్చుకునేది ఎక్కడికీ పోదు. ఎల్‌డీపీసీ కోడ్‌లనే చూడండి, ప్రసారంలో దొర్లే తప్పుల్ని సరిదిద్దే ఈ పద్ధతిని అమెరికా ఇంజినీరు రాబర్ట్ గాలగర్ 1960ల మొదట్లోనే కనిపెట్టినా, ఆ లెక్కలు అప్పటి యంత్రాల వల్ల కాక దశాబ్దాలు మూలనపడింది, తర్వాత డీవీబీ అనే యూరప్ సంస్థ టీవీ ప్రమాణాల్లో, అంటే ఉపగ్రహ టీవీకి డీవీబీ-ఎస్2లో, మామూలు యాంటెన్నాతో అందుకునే టీవీకి 2009లో ప్రచురించిన డీవీబీ-టీ2లో వాడారు, ఇప్పుడు 5జీ ఫోన్లో డేటా వచ్చేదీ వాటితోనే.

పని మాత్రం చాలా ఓపికది. ప్రసార సంకేతంలో భవిష్యత్తు కోసం ఖాళీగా ఉంచిన రెండు బిట్లను రేపు కొత్త సేవకు వాడితే, ఎప్పుడో కొన్న టీవీ వాటిని వదిలేసి బొమ్మ చూపించాలి. ఆ నియమం తేడాగా రాస్తే ఒక్కో కంపెనీ ఒక్కోలా అర్థం చేసుకుంటుంది, ఎవరింట్లోనో తెర నల్లబడుతుంది. ఇంకోటి, ప్రమాణాలు రాయడానికని విడిగా ఉద్యోగాలు దాదాపు ఉండవు. డీవీబీలో అయినా, అలాంటిదే అమెరికా సంస్థ ఏటీఎస్‌సీలో అయినా కూర్చునేది చిప్ కంపెనీలు, ప్రసార సంస్థలు, పరిశోధన కేంద్రాలు పంపిన ఇంజినీర్లే. కాబట్టి సంకేతాల్ని పంపి అందుకునే మోడెమ్ డిజైనో, వీడియోను కుదించి విప్పే కోడెక్కో పట్టుకుని ముందు అందులో చెయ్యి తిరగాలి.

ఏఐ మీద నా అనుమానం దాచుకోను. ఆ రంగం మంచిదే, కానీ ఎవరో తయారుచేసిన మోడల్‌ను నడపడం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులు చూస్తే నాకు భయమేస్తుంది, ఆ పని ఎవరైనా నేర్చుకోగలరు, రేపు ఆ మోడలే చేసుకుపోతుంది. నిలబడేది ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా వచ్చినవాళ్లు. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో మీవాడు రోజూ కుస్తీ పట్టేది వాటితోనే, కావాలంటే తర్వాత అటు వెళ్లొచ్చు.

కోపం వచ్చినా ఒక మాట చెప్తాను. తోడల్లుడి కొడుకు సంపాదన రాశారు గానీ, మీ అబ్బాయి ఏ ప్రాజెక్టు చేశాడో ఒక్క ముక్క రాయలేదు. ఈరోజే అడగండి. డీవీబీ-టీ2 పత్రం యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ ఉచితంగానే ఇస్తుంది, అందులోని ఓఎఫ్‌డీఎం (డేటాను చాలా సన్నని తరంగాల మీద పంచి పంపే పద్ధతి) భాగాన్ని పైథాన్‌లో కట్టి చూడమనండి. నెల తర్వాతా అదే పనిమీద ఉంటే ఎంటెక్‌కి పంపండి, విసుగొస్తే తనే వచ్చి చెప్తాడు.