సల్ల తప్ప ఏదీ కడుపులో నిలవట్లేదు.. బిడ్డకేమైనా అవుతుందా?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 22 ఏళ్లు, మొదటి కాన్పు. స్కానింగ్‌లో 9 వారాలన్నారు. అన్నం ఉడికే వాసన, పోపు వాసన తగిలితే చాలు వాంతి అవుతోంది. మటన్ అంటే ప్రాణం పెట్టేదాన్ని, ఇప్పుడు ఆ పేరెత్తితేనే కడుపులో తిప్పుతోంది. సల్ల, మామిడికాయ ముక్కలు తప్ప ఏదీ నిలవట్లేదు. నెల తప్పక ముందు 48 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 46న్నర. రక్తం మాత్ర వేసుకున్న రోజు వాంతులు ఇంకా ఎక్కువ. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డు తినలేక పక్కింటి పాపకు ఇచ్చేస్తున్నా. ఎవరూ చూడకుండా పచ్చి బియ్యం నములుతున్నా. మా అత్తమ్మ ‘మేం కనలేదా, ఇదేం నఖరా’ అంటోంది. ఈత కల్లు తాగితే కడుపు చల్లబడుతుందని చుట్టుపక్కల వాళ్లు చెప్తున్నారు. నేను తినకపోతే బిడ్డకేమైనా అవుతుందా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చెప్తాను. మీ కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. మూడు నెలలు నిండేసరికి కూడా ఐదారు సెంటీమీటర్లే. అంత చిన్న ప్రాణానికి ఇప్పుడు కావలసింది చాలా కొంచెం. అది మీ ఒంట్లో ఉన్న నిల్వల నుంచే అందుతుంది. ఈ నెలలో మీరు మటన్ తినలేదని, గుడ్డు తినలేదని బిడ్డ ఎదుగుదల ఆగదు. పైగా వేవిళ్లు ఉన్నవాళ్లలో గర్భం నిలవకపోవడం తక్కువని పరిశోధనల్లో తేలింది. అలాగని వేవిళ్లు లేనివాళ్లు కంగారు పడాల్సిన పనీ లేదు.

ఇది నఖరా కాదు. పది మంది గర్భిణుల్లో ఏడెనిమిది మందికి వికారమో వాంతులో ఉంటాయి. ఐదారు వారాలకు మొదలై తొమ్మిదో వారం దగ్గర బాగా ముదురుతాయి. అంటే మీరు ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన రోజుల్లో ఉన్నారు. చాలామందికి పద్నాలుగు, పదహారు వారాలకల్లా తగ్గిపోతాయి. కొందరికి ఐదో నెల దాకా పోతుంది. ‘మార్నింగ్ సిక్‌నెస్’ అని పేరే కానీ, పొద్దున మాత్రమే రావాలని లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేవాళ్లు కూడా నా దగ్గరకు వస్తుంటారు.

అత్తమ్మగారు ఈ జవాబు చదివితే మంచిది, అందుకే ఈ నాలుగు మాటలు. బిడ్డ మాయ నుంచి జీడీఎఫ్ 15 అనే హార్మోన్ తల్లి రక్తంలోకి వస్తుంది. అది మెదడులో వాంతిని పుట్టించే చోటును కదిలిస్తుంది. గర్భం రాకముందు ఒంట్లో ఈ హార్మోన్ తక్కువగా ఉన్నవాళ్లకు అది అలవాటు ఉండదు కాబట్టి, ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేరని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది. అత్తమ్మగారూ, మీకు కాన్పుల్లో ఇంత బాధ లేకపోయి ఉండొచ్చు. మీ ఒళ్లు వేరు, ఆ పిల్ల ఒళ్లు వేరు. ఈ నెలన్నర పాటు పొయ్యి దగ్గర నుంచి ఆమెను తప్పించండి. మందుకంటే ముందు పనిచేసేది అదే.

ఇంక తిండి. ఈ రోజుల్లో ‘మంచి ఆహారం’ అంటే కడుపులో నిలిచే ఆహారమే. వేడివేడిగా ఉన్నదానికి వాసన ఎక్కువ, చల్లారితే తక్కువ. అందుకే వేడి అన్నం చూస్తే తిప్పే కడుపు పెరుగన్నాన్ని ఒప్పుకుంటుంది. మన పచ్చిపులుసు ఈ రోజుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. పొయ్యి మీద ఉడికించే పని లేదు, పుల్లగా ఉంటుంది. పోపు వేయకుండా చింతపండు రసంలో ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు, కొంచెం జీలకర్ర నలిపి వేసి, చల్లారిన అన్నంలో పోసుకుని నాలుగు ముద్దలు తినండి. మిరపకాయ తగ్గించండి. అది నిలిస్తే మరో రెండు గంటలకు ఇంకో నాలుగు ముద్దలు. కంచం నిండా పెట్టుకుని కూర్చోవద్దు, ఖాళీ కడుపుతోనూ ఉండొద్దు. రెండింటికీ వాంతి వస్తుంది.

రాత్రి పడుకునే ముందు తలగడ పక్కన డబ్బాలో కొన్ని మరమరాలు, పుట్నాలు పెట్టుకోండి. ఎండుగా కరకరలాడేలా కాల్చిన జొన్న రొట్టె ముక్కలైనా సరే. పొద్దున కళ్లు తెరవగానే లేవొద్దు. పడుకునే ఉండి గుప్పెడు నములుకుని, పావుగంట ఆగి, మెల్లగా పక్కకు తిరిగి లేవండి. గబుక్కున లేస్తే కడుపు తిరుగుతుంది. టీ మాత్రం పరగడుపున వద్దు. అల్లం ముక్క వేసి మరిగించిన నీళ్లు చాలామందికి ఉపశమనం ఇస్తాయి, చల్లారాక గుటక గుటకగా తాగండి.

సల్ల నిలుస్తోందన్నారు కదా, అది మీ అదృష్టం. నీళ్లు, ఉప్పు, కొంత మాంసకృత్తులు అన్నీ అందులోనే వస్తున్నాయి. అన్నంతో పాటు కాకుండా, తిన్న అరగంట తర్వాత తాగండి. ఒకేసారి గ్లాసు ఎత్తేయకుండా పావుగంటకో రెండు గుటకలు. మన దగ్గర ఎండలు మామూలుగా ఉండవు, వాంతులతో పోయిన నీళ్లకు చెమటతో పోయేవి తోడవుతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి, ఆ రోజే పూర్తి చేయండి. ఇంకొక మాట, బోరు నీళ్లు వాడకండి. మన జిల్లాలో ఫ్లోరైడ్ బాధ మీకు తెలియనిది కాదు. నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. తాగడానికీ, ఓఆర్ఎస్ కలపడానికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టి పెట్టుకోండి.

వాంతి అయిన వెంటనే పళ్లు తోమొద్దు. కడుపులో పులుపు పళ్ల మీద ఉండగా బ్రష్ చేస్తే పంటి పై పొర అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చిటికెడు తినే సోడా వేసి పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి. మామిడికాయ ముక్కలు తిన్నా సరే, పరగడుపున వద్దు, కారం దట్టించి వద్దు.

అంగన్‌వాడీ గుడ్డు విషయంలో తప్పు చేస్తున్నానని బాధపడకండి. ఆరోగ్యలక్ష్మి పథకం 2015లో మొదలైంది. గర్భిణికి రోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఇవ్వడం దాని ఉద్దేశం. అక్కడి టీచరమ్మకు మీ ఇబ్బంది దాచకుండా చెప్పండి. ఉడికిన గుడ్డు చల్లారాక, పచ్చసొన తీసేసి తెల్లసొన ఒక్కటే ఉప్పు మిరియాలతో ప్రయత్నించండి. పచ్చసొన వాసనే చాలామందికి పడదు. అప్పటికీ రాకపోతే వదిలేయండి, పల్లీలు, పుట్నాలు, పెసరపప్పు ఉన్నాయి. నాలుగో నెల దాటాక అదే గుడ్డు మళ్లీ మీకు రుచిస్తుంది.

ఇప్పుడు మీరు చిన్న విషయంలా రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. పచ్చి బియ్యం. బియ్యం, మట్టి, సుద్దముక్కలు తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఐరన్ తక్కువైందని చెప్పే గుర్తు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దాచుకోవాల్సింది అసలే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ వారమే హిమోగ్లోబిన్ చూపించుకోండి. 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. దాంతోపాటు థైరాయిడ్, మూత్ర పరీక్ష కూడా చేయించుకోండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా వాంతులు పెరుగుతాయి.

రక్తం మాత్ర అంటే ఐరన్ మాత్రే అయి ఉంటుంది. ప్రభుత్వ పద్ధతి ప్రకారం ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి, 180 రోజులు. మొదటి మూడు నెలల్లో తప్పనిసరి అయినది ఫోలిక్ యాసిడ్. బిడ్డ వెన్నెముక, మెదడు సరిగ్గా ఏర్పడడానికి అది కావాలి, చిన్న మాత్ర, దాంతో వాంతులు పెద్దగా రావు. రాత్రి పడుకునే ముందు వేసుకోండి, ఎట్టి పరిస్థితుల్లో మానొద్దు. మీ హిమోగ్లోబిన్ బాగుంటే ఐరన్‌ను నాలుగో నెలకు వాయిదా వేయొచ్చా అని మీ డాక్టరును అడగండి. తక్కువగా ఉంటే వేరే రకం ఐరన్ రాస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

కల్లు వద్దు. గర్భంలో మత్తు పానీయం చుక్క కూడా వద్దు. ఈత కల్లయినా తాటి కల్లయినా అంతే. అందులోనూ నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లులో మత్తుమందులు కలిపే సంగతి అందరికీ తెలిసిందే. పెద్దవాళ్లే ఆ మందులకు ఆసుపత్రి పాలవుతున్నారు, కడుపులో బిడ్డ ఎలా తట్టుకుంటుంది? చెప్పేవాళ్లు ప్రేమతోనే చెప్తారు. మీరు కూడా ప్రేమగానే వద్దనండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మందు ఉంది. డాక్సిలమిన్, విటమిన్ బి6 కలిసిన మాత్రను గర్భిణులకు దశాబ్దాలుగా ఇస్తున్నారు, బిడ్డకు హాని లేదని రుజువైంది. కాస్త నిద్ర వస్తుంది కాబట్టి సాధారణంగా రాత్రి మొదలుపెడతాం. డాక్టరు రాస్తేనే వేసుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏదో ఇంజెక్షన్, ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించుకుని రావడం మాత్రం చేయొద్దు. వారాల తరబడి వాంతులైన మనిషికి ముందు విటమిన్ బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ప్రమాదం రావొచ్చు. అందుకే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, ఎన్ని వారాలుగా వాంతులవుతున్నాయో డ్యూటీ డాక్టరుకు ముందే చెప్పండి.

మీరు కిలోన్నర తగ్గారు. 48 కిలోల మనిషి 2.4 కిలోలు తగ్గిందంటే, అంటే ముల్లు 45.6 దగ్గరకు వచ్చిందంటే, ఇది మామూలు వేవిళ్లు కాదు. అంగన్‌వాడీలో బరువు యంత్రం ఉంటుంది, వారానికి రెండుసార్లు పొద్దునపూటే చూసుకుని కాగితం మీద రాసుకోండి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, ఎనిమిది గంటలు మూత్రమే రాకపోయినా, రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, వాంతిలో రక్తం చార కనబడినా, జ్వరం, కడుపునొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దేవరకొండ ఆసుపత్రికో, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో వెళ్లండి. స్కానింగ్ రిపోర్టు, మీరు రాసుకున్న బరువుల కాగితం వెంట పెట్టుకోండి.